తోలు కప్పుకున్న గొంతు

బందెలదొడ్డి బావి మీరంతా ఎరిగిందే. మన రావులకొల్లు పొలిమేర దాటి పడమటి దోవన పోతుంటే ఎడంచేతివైపు కూలిపోయిన రాతిగోడ కనపడుతుంది, గోడ లోపల తుమ్మచెట్లు, తుమ్మచెట్ల నడుమ గిలక ఊడిపోయిన బావి, అదే. పూర్వం పరాయి చేలో పడ్డ గొడ్లను పట్టుకొచ్చి ఆ దొడ్డిలో కట్టేసేవాళ్ళు, వాటి దాహానికని తవ్వించిన బావి అది, తరవాత దొడ్డీ పోయింది, దొడ్డి కాసేవాళ్ళూ పోయారు, గొడ్లు వేసిన పేడ మాత్రం ఏళ్ళ తరబడి మట్టిలో మట్టయి అక్కడే ఉండిపోయింది. ఎండాకాలం ఊరంతా కడవలు పట్టుకొని కొట్టుకు చస్తున్నా ఆ బావిలో చేద వేసినవాళ్ళు లేరు. మేకలు కూడా గోడ దాకా పోతాయి, మెడ చాచి అందిన ఆకు తెంపుకుంటాయి, వెనక్కి వచ్చేస్తాయి. మరి మేకకెవరు చెప్పారమ్మా అక్కడ ఏదో ఉందని? నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఏముందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. దొడ్డి కాపలావాడి పెళ్ళాం అందులో పడి పోయిందని కొందరు, అదేం కాదు ఉత్త గాలి అని కొందరు. ఏదైనా గానీ అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది, ఆ బావి మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. నిజమే గదా, పరాయి గొంతుతో పిలిస్తే ఎవరు పోతారు? చెంచమ్మ సంగతి చెప్తాను వినండి, విన్నాక మీరే చెబుదురుగాని అది దెయ్యమో మరేమిటో. ఆ పొగకుంపటి కాస్త ఇటు జరపండి, దోమలు పీక్కు తింటున్నాయి.

చెంచమ్మ గొర్రెలవాళ్ళింటి కోడలు. మొగుడి పేరు కాటయ్య. మంచివాడే, గానీ నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు, రోజు మొత్తానికి మనుషులతో మాట్లాడేదాని కన్నా గొర్రెలతో మాట్లాడేదే ఎక్కువ, అదీ ఏం మాటలు, హోయ్, తుర్ర్, అంతే. పెళ్ళయిన కొత్తలో చెంచమ్మ అత్తను అడిగిందంట, నీ కొడుక్కి మాటలు రావా అత్తా అని. అత్త ఆదెమ్మ రోట్లో జొన్నలు దంచుతూ తలకూడా ఎత్తకుండా, "వస్తాయి, దాచిపెట్టుకున్నాడు, నువ్వు ముసలిదానివయ్యాక చెప్తాడు" అన్నదంట. ఆదెమ్మ నోరు అట్లాంటిది. ఉన్నది ఆ ముగ్గురే ఇంట్లో, మంద ఒకటి, కుక్క ఒకటి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి, పచ్చిక మాడిపోయింది, గొర్రెలోళ్ళంతా మందలు తోలుకొని నల్లమల అంచుకు వలస పోయారు, కాటయ్య కూడా పోయాడు. పోయే పొద్దున గడప దిగి, మందను దోవ పట్టించి, వెనక్కి తిరిగి చెంచమ్మతో ఒక మాట అన్నాడు. ఆ మాట వినగానే చెంచమ్మ లోపలికి పరిగెత్తింది, పని చూసుకొని మళ్ళీ బయటికొచ్చేసరికి మలుపు దగ్గర దుమ్ము లేచి ఉంది, మనిషి లేడు. అంతే, అదే ఆఖరు చూపు, చూపు కూడా కాదు పాపం, దుమ్ము. ఆయన ఏమన్నాడో చెంచమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎంతమంది అడిగినా చెప్పలేదు.

వానలు మొదలయ్యాక మిగతావాళ్ళు మంద తోలుకొచ్చారు. గొర్రెలన్నీ వచ్చాయి, కుక్క వచ్చింది, కాటయ్య రాలేదు. కొండల్లో ఎక్కడో వాన పడి వాగు ఉన్నట్టుండి పొంగిందంట, మందను నీళ్ళలోనుంచి ఒడ్డుకు తోలేశాడంట, చివర ఒక సూడి గొర్రె మిగిలిపోతే దాన్ని ఎత్తుకోవడానికి మళ్ళీ దిగాడంట. ఆ గొర్రె ఎట్లాగో ఒడ్డు పట్టింది, ఆయన పట్టలేదు. కింద ఎంత దూరమో వెతికితే తుమ్మకంపకు తగులుకొని ఆయన గొంగళి దొరికింది. అది తెచ్చి చెంచమ్మ చేతుల్లో పెట్టారు. అదింకా తడిగానే ఉంది, వాగు బురద వాసన.

శవం దొరకనివాళ్ళకు మోదుగాకులతో బొమ్మ చేసి పాతిపెట్టడం వాళ్ళలో ఆచారం. కులపెద్ద గురవయ్య వచ్చి మెల్లగానే చెప్పాడు, ఎన్నాళ్ళమ్మా ఇట్లా అటూ ఇటూ కాకుండా, బొమ్మను పాతేసి మెట్టెలు తీసేద్దాం, వాడికీ దోవ దొరుకుతుంది, నీకూ దొరుకుతుంది అని. చెంచమ్మ గొంగళి ఒళ్ళో పెట్టుకొని, "గొంగళి దొరికింది, మనిషి దొరకలేదుగా మామా" అన్నది. గురవయ్య ఆదెమ్మ వైపు చూశాడు. ఆదెమ్మ లేచి వెళ్ళి గొర్రెలకు నీళ్ళు పెట్టింది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆమె వాడి పేరు నోట పలకలేదు. గుండె కాదు గుండ్రాయి అనుకుంది చెంచమ్మ.

మరుసటి ఏడు తొలకరి పడింది. తొలకరికి ఉరుము ఉరిమితే పుట్టలమీద గొడుగులు పగులుతాయని మీకు తెలుసుగా, తెల్లారకముందే ఆడవాళ్ళంతా గంపలు పట్టుకొని పోతారు, ఎవరి చోటు వాళ్ళది, ఎవరి చోటు ఎవరికీ చెప్పరు. చెంచమ్మ కూడా గంప తీసుకొని పోయింది. పోతే అక్కడ ఒక పెద్దావిడ అడ్డం నిలబడి, నువ్వు ముత్తైదువవా కాదా ముందు తేల్చుకొని రా తల్లీ, తొలి గొడుగు దగ్గర అనుమానం మనిషి చెయ్యి పెడితే పుట్ట మళ్ళీ కాయదు అన్నది. పక్కన ఇంకొకావిడ, "పోనీలే అక్కా, ఒక కాలికి మెట్టె ఉంచుకొని ఒక కాలికి తీసేస్తే సరిపోతుంది" అన్నది. నవ్వారు. మనుషులు అట్లా నవ్వుతారెందుకో, వాళ్ళు చెడ్డవాళ్ళు కూడా కాదు, వాళ్ళిళ్ళలో మజ్జిగ ఎన్నిసార్లు తాగిందో చెంచమ్మ.

ఉత్త గంపతో ఇంటికి పోబుద్ధి గాలేదు. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు నడిచింది, నడిచి నడిచి బందెలదొడ్డి గోడ దగ్గర తేలింది. చూస్తే లోపల బావి చుట్టూ గొడుగులే గొడుగులు, సన్నటి కాడలు, లేతపసుపు తలలు. పుట్టమట్టి మీద వచ్చేవే తినాలి, పేడమీద వచ్చేవి ముట్టకూడదని పసిపిల్లకు కూడా తెలుసు. చెంచమ్మకు తెలియదా? తెలుసు. కానీ ఇంకొకటి కూడా తెలుసు ఆమెకు. మన వైపు గొడుగుల కూర ఉడికేటప్పుడు కుండలో వెండి మెట్టె వేస్తారు, మెట్టె నల్లబడితే కూర పారబోస్తారు, నల్లబడకపోతే తింటారు. సరే, మెట్టె చెప్తుందిలే అనుకుంది. ఇంటికొచ్చి కూర పొయ్యిమీద పెట్టి, ఊరంతా తీసెయ్యమన్న ఆ మెట్టెలు తనంతట తాను తీసి కుండలో వేసింది. ఉడికాక గరిటెతో తీసి చూస్తే తళతళలాడుతున్నాయి, ఎప్పటికన్నా తెల్లగా. ఇంకేం, కడిగి వేళ్ళకు పెట్టుకుంది. ఆదెమ్మకు ఆ రోజు ఒక్కపొద్దు, తినలేదు. చెంచమ్మ ఒక్కతే తిన్నది.

మధ్యాహ్నానికి, మబ్బు పట్టి ఉంది, ఆమె వసారాలో కూర్చొని ఉంది, ముందు వాకిట్లో ముగ్గు కదిలిందంట. గీత గీతా పట్టుకొని మెల్లగా పాకిందంట, చీమలబారు లాగా. తరవాత వేపచెట్టుకు ఆకులన్నీ విడివిడిగా కనపడ్డాయి, ఒక్కొక్క ఆకూ తనకేసి చూస్తున్నట్టు. రోలు ఊపిరి పీల్చింది. తన అరచెయ్యి చూసుకుంటే గీతలు గీతలుగా గొర్రెలదోవలున్నాయి, దోవల్లో మంద పోతోంది, చివర ఎవరో ఉన్నారు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది, ఆ రెంటికీ తేడా తెలియలేదు. అప్పుడు పిలుపు వినపడింది.

"చెంచూ."

ఆ పేరుతో పిలిచేది ఒక్కడే. గబుక్కున చెవులు మూసుకుంది, మూసుకున్నా వినపడింది. చెవిలోనుంచి కాదు, పక్కటెముకల కిందనుంచి, పొట్టలో బిడ్డ కదిలినట్టు అక్కడినుంచి వస్తోంది. "చెంచూ, ఆ రోజు నిన్ను సరిగా చూడకుండా పోయాను, దోవ పొడుగునా నీ మొహమే, నీకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి" అంటోంది. ఆమె లేచి నడిచింది. ఇంట్లో ఉంటే గొంతు సన్నగిల్లుతోంది, పడమటి దోవ పట్టగానే బలం పుంజుకుంటోంది, బందెలదొడ్డి బావి దగ్గరకొచ్చేసరికి పక్కన నిలబడి మాట్లాడినట్టే ఉంది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది, వింటూ. ఒక ఏడాదిగా ఏ మాటల కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయిందో ఆ మాటలన్నీ అన్నాడు, ఒక్కటి కూడా మిగల్చలేదు.

మరునాడు తెల్లారేసరికి గొంతు లేదు. ఎంత చెవి పెట్టినా కోళ్ళ కూత, గొర్రెల అరుపు తప్ప ఏమీ లేదు. చెంచమ్మ చిన్న పిల్ల కాదుగా, వెంటనే తెలుసుకుంది ఎక్కడినుంచి వచ్చిందో. మళ్ళీ పోయి గంపెడు గొడుగులు ఏరుకొచ్చి, వడియాలు ఆరబెట్టినట్టు కప్పుమీద ఆరబెట్టి, ఉప్పు కుండ వెనక దాచింది.

ఇక అక్కడినుంచి ఆ మనిషికి నిలకడ లేకుండా పోయింది. కూర్చుంటే లేస్తుంది, లేస్తే నడుస్తుంది, పాలు పితుకుతూ పితుకుతూ మధ్యలో వదిలేసి వాకిట్లోకొస్తుంది, పొయ్యిలో పుల్ల ఎగదోయబోయి చేతిలో పుల్లతోనే వీధిలోకి పోతుంది. గొడుగు తింటే గొంతు కోసం, తినకపోతే గొడుగు కోసం. నిద్ర అనేది ఆమె రెప్పల మీదికి వచ్చి కూర్చోకుండానే పోయేది. వాకిట్లో గొర్రెలు కూడా బెదరడం మొదలుపెట్టాయి, ఆమె మందలోకి వస్తే రెండుగా చీలి దారి ఇచ్చేవంట. చూసినవాళ్ళు ఆదెమ్మా నీ కోడలికి గాలి సోకిందే, ఎవరికైనా చూపించరాదూ అన్నారు. ఆదెమ్మ "ముందు మీ చూపు ఆపండి, అదే తగ్గుతుంది" అన్నది.

గొంతు కూడా ఊరికే ఉండలేదు. రాను రాను దానితోపాటు వేరేవి వచ్చాయి, పుట్టల దగ్గర నవ్విన ఆడవాళ్ళ నవ్వు, పోయిన తన తల్లి దగ్గు, గొర్రెపిల్ల అరుపు, తన గొంతే చిన్నప్పటిది, అన్నీ ఒకేసారి సంతలో లాగా. ఆ రొదలో ఆయన మాట ఏరుకోవడానికి ఇంకాస్త, ఇంకాస్త తినాల్సి వచ్చేది. మొదట్లో తీపి మాటలు చెప్పినవాడు ఒక రోజు, చలిగా ఉంది చెంచూ అన్నాడు. గొంగళి తెమ్మన్నాడు. చెంచమ్మ ఇంటికి పరిగెత్తి, ఏడాదిగా తలకింద పెట్టుకున్న గొంగళి తెచ్చి, మడత విప్పి బావిలోకి వదిలేసింది. అది రెక్కలు చాచిన గద్దలాగా నెమ్మదిగా దిగిపోయి నీళ్ళమీద పరుచుకుంది. అప్పుడన్నాడంట, "ఇప్పుడు వెచ్చగా ఉంది. ఇంకొకరికి కూడా చోటుంది. దిగరాదూ?"

ఆ రోజు చెంచమ్మ దిగలేదు. భయపడి కాదు, చీకటి పడుతోంది, గొర్రెలకు నీళ్ళు పెట్టాలి, అత్త ఒక్కతి వల్ల కాదు. రేపు దిగుతాను అని చెప్పి వచ్చింది. వింటున్నారా? పొరుగింటికి పోయొస్తానన్నట్టు, రేపు అని చెప్పి వచ్చింది.

మరునాడు మధ్యాహ్నం ఆదెమ్మ ఎండలో వేసిన పక్కబట్టలు దులుపుతూ గొంగళి ఏదే అన్నది. ఆదెమ్మ ఇల్లంతా చూసింది, చూస్తూ చూస్తూ ఉప్పు కుండ వెనక ఎండు గొడుగులు బయటికి తీసింది. చేతిలో వేసుకొని వాసన చూసింది.

"ఎర్రిమొకమా, ఇవి పేడగొడుగులు గదే!"

"మెట్టె నల్లబడలేదు అత్తా."

"విషమైతే మెట్టె నల్లబడుతుంది. అన్నీ విషాలేనటే లోకంలో!" అన్నది గానీ, ఆ తరవాత తిట్టలేదు. కోడలి కళ్ళలోకి చాలాసేపు చూసింది. చూసి, దగ్గరగా కూర్చొని, గొంతు తగ్గించి, "వాడు కనపడ్డాడా?" అన్నది.

"కనపడలేదు. మాట్లాడాడు."

"ఏమన్నాడే?"

ఆ 'ఏమన్నాడే'లో ఎంత ఆకలి ఉందో చెప్పలేనమ్మా. గుండ్రాయి అనుకుంది గదా, ఆ గుండ్రాయికి నోరొచ్చినట్టయింది. చెంచమ్మకు ఆపుకోవడం చేతగాక అంతా చెప్పేసింది, తీపి మాటలు, చలి, గొంగళి, దిగమన్నది, అన్నీ. ఆదెమ్మ వింటూ వింటూ, "నా కొడుకు ఇన్ని మాటలు ఎప్పుడు నేర్చాడే?" అన్నది. అని, లేచి, ఆ ఎండు గొడుగుల్లో చిటికెడు తీసి నోట్లో వేసుకొని నమిలింది.

"అత్తా!"

"నోరుమూసుకో. నువ్వొక్కదానివేనా వాడి మనిషివి? పద, పొరుగువాళ్ళు తోలుకుపోయిన మన మంద సాయంత్రం ఇంటికొచ్చేలోపు వచ్చేద్దాం."

చెంచమ్మా తిన్నది. ఇద్దరూ పోయి తుమ్మచెట్ల కింద బావి ఒరకు ఆనుకొని కూర్చున్నారు. ఎండ వాలుతోంది, మబ్బుల అంచులు రాగిచెంబు అంచుల్లాగా ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆదెమ్మ ఉలిక్కిపడి బావి వైపు తిరిగింది, ముడతల మొహం ఒక్కసారిగా పసిపిల్ల మొహం లాగా అయిపోయింది. "అయ్యో నాయనా, అయ్యో నా తండ్రీ" అంటూ రవిక ముడి తడుముకుంది, పాలివ్వడానికి తడుముకున్నట్టు. అదే సమయంలో చెంచమ్మకూ వినపడుతోంది.

"ఆకలంటున్నాడే! అమ్మా ఆకలి, అమ్మా చలి, అని ఏడుస్తున్నాడే!"

"ఏడవడం లేదు అత్తా, నవ్వుతున్నాడు! వెచ్చగా ఉందంటున్నాడు, నాకు చోటు చేశానంటున్నాడు!"

"నీకేం తెలుసు, కన్నదాన్ని నేను! ఏడుస్తున్నాడు!"

"నన్ను పిలుస్తున్నాడు! చెంచూ అంటున్నాడు, వినపడట్లా?"

ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకునేదాకా వచ్చింది, ఆ బావి ఒర మీద, ఆ పక్క అడుగు వేస్తే ఏమవుతుందో తెలిసీ. అప్పుడు, అదే సమయానికి, ఊరివైపునుంచి మందలు ఇళ్ళకు వస్తున్న చప్పుడు వినపడింది. పొద్దంతా దొడ్లో కట్టేసిన పిల్లలు తల్లుల కోసం అరవడం, తల్లులు దోవలోనుంచే జవాబు చెప్పడం. మీరు విన్నారుగా ఆ గోల, మనకంతా ఒక్కటే అరుపు, కానీ ఏ తల్లికి ఆ తల్లికి తన పిల్ల గొంతు తెలుసు, తొక్కిసలాటలో కూడా తప్పు పిల్లకు పాలివ్వదు. ఆదెమ్మ చేతులు కోడలి జుట్టులో అట్లాగే ఆగిపోయాయి. అంత మత్తులోనూ ఆ చప్పుడు ఆమెకు పుట్టినప్పటినుంచి తెలిసిన చప్పుడు.

"చెంచమ్మా," అన్నదంట, "పిల్ల చచ్చిన గొర్రెకు మనం ఏం చేస్తాం?"

"చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని పిల్లకు కప్పుతాం."

"కప్పితే?"

"వాసన చూసి తన పిల్లే అనుకొని పాలు చేపుతుంది."

"వీడెవడో మనవాడి తోలు కప్పుకొని వచ్చాడేమిటే?"

చెంచమ్మ తల అడ్డంగా ఊపింది. కాదు అత్తా, ఆయనే, ఆయన గొంతు నాకు తెలియదా అంటూనే ఉంది. ఆదెమ్మ, సరే అయితే అడుగు, అన్నది. చిన్నప్పుడు వాణ్ణి నేను ఒక పేరుతో పిలిచేదాన్ని, మీసం రాకముందే మానేశాను, నీకు తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు, వాడికి మాత్రం తెలుసు, ఏమిటో చెప్పమను.

చెంచమ్మ బావిలోకి వంగింది. కింద నల్లటి నీళ్ళు, నీళ్ళమీద గొంగళి, ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ. మీ అమ్మ నిన్ను చిన్నప్పుడు ఏమని పిలిచేది, అని అడిగింది. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న గొంతు ఆగిపోయింది. ఆగిపోయి, ఆ సంతలో గొంతులన్నీ కూడా ఆగిపోయి, తరవాత మెల్లగా, ముద్దుముద్దుగా,

"దిగు. దిగితే చెప్తా."

"ఏమన్నాడు?" అన్నది ఆదెమ్మ.

"దిగితే చెప్తాడంట."

"ఇప్పుడు నేనడుగుతాను. వాడు పోయేరోజు గడప దగ్గర నీకేదో చెప్పాడు, నువ్వు నాకు కూడా చెప్పలేదు. ఒరేయ్, ఏమన్నావురా నీ పెళ్ళాంతో?" అని బావిలోకి కేకేసింది. ఆమెకు ఏం వినపడిందో ఆమె మొహంలోనే తెలిసింది. అమ్మా ఆకలి, అమ్మా ఆకలి, అంతే. ఏమడిగినా అంతే.

అయినా చెంచమ్మ కాలు ఒర మీద ఉంది. గొంతు మళ్ళీ మొదలైంది, దిగు చెంచూ, దిగు, రేపన్నావుగా, రేపొచ్చింది. తెలిసి కూడా ఆగలేని వేళలుంటాయి తల్లీ. ఆదెమ్మ ఆమె కొంగు చేతికి చుట్టుకుంది, లాగలేదు, గట్టిగా మాత్రం పట్టుకొని, ఏడాదిగా పలకని పేరు పలికింది.

"కాటయ్య మూగ గొర్రెను నీళ్ళలో వదల్లేక మళ్ళీ దిగాడే. మందనంతా ఒడ్డుకు తోలినవాడే నా కాటయ్య. అట్లాంటివాడు నిన్ను నీళ్ళలోకి దిగమంటాడటే?"

చెంచమ్మ కాలు కిందికి దించింది. దించి, అక్కడే కూలబడి, అప్పుడు ఏడ్చింది, ఏడాదిగా ఏడవని ఏడుపంతా. దిగు దిగు అని ఇంకా వినపడుతూనే ఉందంట, కానీ అది ఇప్పుడు ఎవరిదో గొంతు. గొర్రె మూతితో తోసేసినట్టు ఆమె లోపల ఏదో దాన్ని తోసేసింది.

ఇంటికొచ్చి మందను దొడ్లోకి తోలి, పిల్లలను తల్లులకు వదిలి, ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. గొడుగుల మత్తు దిగుతోంది. అప్పుడు ఆదెమ్మ చెప్పింది, ఉన్నిగాడు అని పిలిచేదాన్నే వాణ్ణి, నెలలు నిండకముందే పుట్టాడు, మందలోనే పుట్టాడు, అప్పుడే కత్తిరించిన ఉన్ని గంపలో పడుకోబెట్టాను, గుప్పెడంత ఉండేవాడు, ఉన్నిలో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది, ఉన్నిగా, ఉన్నిగా, అని. చెంచమ్మ నోరు తెరుచుకొని వింది. మొగుడు పోయిన ఇన్నాళ్ళకు మొగుడి గురించి ఒక కొత్త సంగతి విన్నది.

"మరి నీకేం చెప్పాడే ఆ పొద్దున?"

చెంచమ్మ తల వంచుకుంది. చెప్పడానికి సిగ్గు ఆమెకు, ఎందుకంటే అది ఏమంత మాట కాదు. "సంగటి మాడుతోంది చూడు, అన్నాడు అత్తా. అంతే. నేను కుండ దించడానికి లోపలికి పోయాను."

ఆదెమ్మ ఆమెకేసి చూసింది, చూసి చూసి పకపకా నవ్వింది, కళ్ళనుంచి ధారలు కారిపోతున్నాయి, నవ్వు ఆగడం లేదు. "వాడి ముక్కే అంతే! పొలిమేరలో ఉండి కూడా పొయ్యిమీద ఏం మాడుతోందో చెప్పేవాడు! వాడేనే, అది వాడేనే!" అన్నది. చెంచమ్మకు కూడా నవ్వొచ్చింది. అన్నన్ని తీపి మాటల్లో లేని మనిషి ఆ మాడిన సంగటిలో ఉన్నాడు చూడండి, నాకదే వింత.

గురవయ్యకు కబురు చేశారు. మోదుగాకుల బొమ్మ చేశారు, దాని కింద ఆదెమ్మ గుప్పెడు ఉన్ని పరిచింది, ఎందుకని ఎవరూ అడగలేదు. మెట్టెలు చెంచమ్మ తనే తీసింది, ఒకరి చేత తీయించుకోలేదు. తీసి ఆ ఉన్నిలో పెట్టింది. ఆ తరవాత ఆ ఇంట్లో మనుషులు నిద్రపోయారు.

ఇక్కడితో అయిపోతే ఇది దెయ్యం కథ కాకపోను.

ఆ పై ఏడు తొలకరికి చెంచమ్మ మంద తోలుకొని ఆ పడమటి దోవన వస్తోంది. ఏమీ తినలేదు, పొద్దున్న గంజి తప్ప. గోడ దగ్గరకు వచ్చేసరికి గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకొని దోవ అవతలి పక్కకు పోయాయి. గోడ లోపలినుంచి, తుమ్మచెట్ల మధ్యనుంచి వినపడింది. ఈసారి చెంచూ అనలేదు. "ఉన్నిగాణ్ణి వచ్చాను. ఉన్నిగాణ్ణి" అన్నది.

అవునుగదా, ఇంకో మనిషైతే ఏమనుకుంటుంది? అయ్యో, పేరు చెప్పాడు, ఆయనే కాబోలు అని పరిగెత్తదూ? చెంచమ్మ నిలబడి ఆలోచించింది. తరవాత గోడకేసి తిరిగి, "ఆ పేరు నాకు పోయిన తొలకరికి తెలిసింది. నీకు నా తరవాతే గదా తెలిసింది" అన్నది. అని, తుర్ర్ అని మందను అదిలించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. అది ఆమె లోపలినుంచి వచ్చిందో, బావిలోనుంచి వచ్చిందో, లోపలిది నేర్చుకొని బావి పలికిందో, ఆమెకూ తెలియదు, ముసలిదయ్యేదాకా అడిగినవాళ్ళకంతా నాకు తెలియదమ్మా అనే చెప్పింది.

కాబట్టి ఆ దొడ్డివైపు పోమాకండి. గొడుగులు కావాలంటే పుట్టమట్టి మీదవి ఏరుకోండి, లేదంటే వంకాయలున్నాయి, వంకాయ కూరకేం తక్కువ? పొరపాటున పోయారనుకోండి, మీవాళ్ళెవరో మిమ్మల్ని ముద్దుపేరుతో పిలిచారనుకోండి, పలక్కుండా మీకు తెలియని సంగతి ఒకటి అడగండి. చెప్పలేదా, ఇంటికొచ్చి బువ్వ తినండి. చెప్పిందా, ఇంకా తొందరగా వచ్చేయండి.